చిన్న వయసులో కన్ను తీసేస్తే కంటి గూడు ఎముక పెరగదా? ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న అడిగిన తల్లి చెప్పినది క్లుప్తంగా ఇది. పాపకు 14 నెలల వయసులో రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్ల ఎడమ కన్ను తీసేశారు. అదే ఆపరేషన్‌లో గూడులో ఇంప్లాంట్ పెట్టారు. రేడియేషన్ ఇవ్వలేదు. ఇప్పుడు పాపకు నాలుగున్నరేళ్లు. ఫొటోల్లో ఎడమ కన్ను లోతుగా, కాస్త చిన్నగా కనిపిస్తోంది. ఎముక ఎదగడం ఆగిపోయిందని, ముందు ముందు ముఖం వంకర అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. గూడు సరిచేసే ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, పెద్దయ్యేదాకా ఆగాలా అని మీరు అడిగారు.

కనురెప్పలకు, కంటి గూటికి శస్త్రచికిత్సలు చేయడమే నా వృత్తి. చిన్నప్పుడే కన్ను పోయిన పిల్లలను ఏళ్ల తరబడి చూస్తూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఎముక పెరగడం ఆగిపోలేదు. ఇంప్లాంట్ ఉండి, రేడియేషన్ పడని పిల్లల్లో గూడు ఎముక పెరుగుతూనే ఉంటుంది. రెండో వైపుతో పోలిస్తే కొంచెం వెనకబడవచ్చు, కానీ ఆ తేడా సాధారణంగా కొలిస్తే తప్ప తెలియదు. మీకు ఫొటోలో కనిపిస్తున్న లోతు చాలావరకు ఎముకది కాదు, లోపల నిండుదనం తగ్గడం వల్ల వచ్చినది. అందుకని ఈ వయసులో ఎముక మీద ఆపరేషన్ వద్దు. చూడాల్సినవి రెండు: ఇంప్లాంట్ పాప ఎదుగుదలకు సరిపోతోందా, పైన పెట్టుకునే కృత్రిమ కన్ను చివరిసారి ఎప్పుడు మార్చారు.

ఇలా ఎందుకంటున్నానో చెబుతాను.

కంటి గూడు ఒకే ఎముక కాదు, ఏడు ఎముకలు కలిసి ఏర్పడే గిన్నె. ఆ ఎముకల మధ్య అతుకులు చిన్నతనంలో ఇంకా గట్టిపడి ఉండవు. లోపలి నుంచి ఒత్తిడి ఉన్నంతకాలం అక్కడ కొత్త ఎముక చేరుతూ ఉంటుంది. కాయలో గింజ ఎదిగేకొద్దీ తొక్క ఉబ్బుతుంది, గింజ పట్టని చోట తొక్క లోపలికి అతుక్కుపోతుంది. కనుగుడ్డుకీ గూటికీ ఉన్న సంబంధం కొంతవరకు అలాంటిదే. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మి.మీ. ఉంటుంది. పెద్దవారిలో అది సుమారు 24 మి.మీ. ఈ ఎదుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది. అందుకే కన్ను ఎంత చిన్న వయసులో పోతే గూటి మీద ప్రభావం అంత ఎక్కువ. మీ పాపకు 14 నెలల దాకా కన్ను ఉంది, అంటే వేగంగా ఎదిగే కాలంలో సగానికి పైగా ఆ గూడు కనుగుడ్డుతోనే గడిపింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే గూటిని పెంచేది కనుగుడ్డు ఒక్కటే అయితే బంధువుల మాట నిజమయ్యేది. గూటి పైకప్పు మెదడుకు నేల లాంటిది, మెదడు ఎదిగేకొద్దీ అదీ ఎదుగుతుంది. గూటి నేల చాలావరకు పై దవడ ఎముకలో భాగం, దాని కింద గాలి గది ఉంటుంది, ఇంకా కింద పళ్లు ఏర్పడుతుంటాయి. పక్క గోడ చెంప ఎముకతో కలిసి ఉంటుంది. వీటన్నిటికీ వాటి సొంత ఎదుగుదల ఉంది. పైగా కన్ను తీసినా కంటిని తిప్పే కండరాలు, గూటిలోని కొవ్వు అక్కడే ఉంటాయి.

ఒకప్పుడు ఈ విషయంలో వైద్యులే ఎక్కువ భయపడేవారు. జంతువుల మీద చేసిన ప్రయోగాలు, మామూలు ఎక్స్‌రేలు చూసి, కన్ను తీస్తే గూడు బాగా కుంచించుకుపోతుందని నమ్మారు. తర్వాత సీటీ స్కాన్‌తో గూటి లోపలి పరిమాణాన్నే కొలవడం వీలైంది. చిన్నప్పుడు కన్ను పోయి ఇప్పుడు పెద్దవారైన వాళ్లను అలా కొలిచి చూస్తే, తేడా అనుకున్నదానికంటే బాగా తక్కువని తేలింది. మీ బంధువులు విన్నది ఆ పాత భయమే అయి ఉండాలి.

మరి లోతు ఎందుకు కనిపిస్తోంది?

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. పెద్దవారి కనుగుడ్డు పరిమాణం సుమారు 7 మి.లీ. దాన్ని తీసేసినప్పుడు ఆ 7 మి.లీ. ఖాళీని రెండు వస్తువులు పంచుకుని నింపాలి: లోపల శాశ్వతంగా ఉండే గోళం, అంటే ఇంప్లాంట్, దాని ముందు రెప్పల వెనక కూర్చునే కృత్రిమ కన్ను. కృత్రిమ కన్ను హాయిగా మోయగలిగేది సుమారు 2 మి.లీ., కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు. మిగతాదంతా ఇంప్లాంటే నింపాలి.

16 మి.మీ. వ్యాసం ఉన్న గోళం పరిమాణం సుమారు 2.1 మి.లీ. 18 మి.మీ. అయితే 3.1, 20 మి.మీ. అయితే 4.2, 22 మి.మీ. అయితే 5.6. వ్యాసంలో 2 మి.మీ. తేడా వినడానికి ఏమీ కాదనిపిస్తుంది, గూటిలో మాత్రం అది ఒక మి.లీ. దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పసిబిడ్డ గూటిలో 16 మి.మీ. గోళం ఆ రోజుకు నిండుగానే కనిపిస్తుంది. బిడ్డ నాలుగైదేళ్లకు వచ్చేసరికి గూడు పెరుగుతుంది, గోళం పెరగదు. అప్పుడు పై రెప్ప మీద గుంట పడుతుంది, కృత్రిమ కన్ను వెనక్కి జారినట్టు ఉంటుంది, రెప్ప కాస్త వాలుతుంది. చూసేవారికి ఎముక ఎదగలేదనిపిస్తుంది. అసలు జరిగింది దానికి తలకిందులు. ఎముక ఎదిగింది, లోపలిది ఎదగలేదు.

నా మొదటి రోజుల్లో ఏడాది నిండిన ఒక బాబుకి నేనే 16 మి.మీ. ఇంప్లాంట్ పెట్టాను. పెద్ద గోళం పెడితే పైన కుట్లు విడిపోయి అది బయటపడుతుందేమోనని భయపడ్డాను. బాబుకి ఐదేళ్లు వచ్చేసరికి ఆ గుంట ఎంత దూరం నుంచైనా కనిపించేది. దాన్ని తీసి 20 మి.మీ. గోళం పెట్టాల్సి వచ్చింది. ఆ పిల్లవాడికి రెండో ఆపరేషన్ నా భయం వల్ల వచ్చింది. అప్పటి నుంచి, కుట్లు లాగకుండా పట్టేంత వరకు, పసిపిల్లలకైనా వీలైనంత పెద్ద గోళమే పెడుతున్నాను. చాలామంది పిల్లలకు 18 లేదా 20 మి.మీ. గోళం పట్టుతుంది.

"అయితే కృత్రిమ కన్నునే మందంగా చేయిస్తే సరిపోదా?" అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. కొంతవరకే సరిపోతుంది. మందం పెరిగితే బరువు పెరుగుతుంది, ఆ బరువంతా కింది రెప్ప మీద పడుతుంది. కొన్నేళ్లకు కింది రెప్ప సాగి వేలాడుతుంది, కన్ను కదలిక తగ్గుతుంది. లోటు లోపల ఉంటే దాన్ని లోపలే పూడ్చాలి.

ఇప్పుడు చేయగలిగినవి

మొదటిది కృత్రిమ కన్ను తయారుచేసే నిపుణుడి దగ్గరకు వెళ్లడం. ఎదిగే పిల్లలకు ఏడాదికో రెండేళ్లకో కొత్తది కావాలి, ఆరు నెలలకోసారి మెరుగు పెట్టించాలి. నాతో కలిసి పనిచేసే నిపుణుడు ఒక్కో పిల్లకు చేసిన పాత కళ్లన్నీ ఒక పెట్టెలో వరుసగా దాచిపెడతారు. ఏడాది వయసుది గోరంత ఉంటుంది, పదేళ్ల వయసుది బొటనవేలి పైకణుపంత. ఆ వరుసను ఒకసారి చూస్తే గూడు పెరుగుతోందా లేదా అన్న అనుమానం ఎవరికీ మిగలదు. నేను భయపడుతున్న తల్లిదండ్రులకు స్కాన్ చూపించడం మానేసి ఆ పెట్టె చూపించడం మొదలుపెట్టాను.

రెండోది, కొత్త కృత్రిమ కన్ను పెట్టాక కూడా గుంట అలాగే ఉంటే ఇంప్లాంట్ సంగతి చూడాలి. చిన్నదైతే పెద్దది పెట్టవచ్చు. పక్కకు జరిగి ఉంటే సరిచేయవచ్చు. లేదా పాప శరీరం నుంచే, ఎక్కువగా పిరుదు దగ్గర నుంచి, చర్మం లోపలి పొరను దాని కింది కొవ్వుతో కలిపి తీసి గూడులో అమర్చవచ్చు. దీనిని డెర్మిస్ ఫ్యాట్ గ్రాఫ్ట్ అంటారు. పెద్దవారిలో ఈ కొవ్వు కొంత కరిగిపోతుంది. చిన్నపిల్లల్లో మాత్రం పిల్లతోపాటు అదీ పెరుగుతుంది. గోళానికి లేని గుణం ఇది, గూడు ఎదిగే వయసులో ఇది పెద్ద లాభం. ఒక్కోసారి మరీ ఎక్కువ పెరిగి తగ్గించాల్సి రావచ్చు, ఆ సంగతి ముందే చెప్పించుకోండి. రెప్పల వెనక ఉండే మెత్తని లోపలి పొర కూడా తగ్గిపోయిన పిల్లలకు నేను ముందు దీన్నే ఆలోచిస్తాను, ఎందుకంటే కొవ్వుతోపాటు పైన పొర కూడా కలిసి వస్తుంది.

ఇంప్లాంట్ దేనితో చేశారన్న ప్రశ్న ఎముక ఎదుగుదల దృష్ట్యా పెద్దది కాదు. 1885లో మ్యూల్స్ అనే వైద్యుడు బోలు గాజు గోళం పెట్టినప్పటి నుంచి ఎన్నో పదార్థాలు వచ్చాయి. ఇప్పుడు సిలికాన్, అక్రిలిక్ గోళాలు ఉన్నాయి, లోపలికి రక్తనాళాలు పాకేలా సన్నని రంధ్రాలుండే హైడ్రాక్సీఅపటైట్, పాలిథిలిన్ గోళాలు ఉన్నాయి. గూటికి కావలసింది నిండుదనం, అది ఏ పదార్థంతో వచ్చినా సరే.

గూడును ఒక్కరోజు కూడా ఖాళీగా ఉంచకండి. మొత్తం సమాధానంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోమంటాను. ఒక తల్లి తన మూడేళ్ల బిడ్డ కన్ను పెట్టేటప్పుడు ఏడుస్తోందని దాన్ని తీసి డబ్బాలో పెట్టి, ఏడు నెలల పాటు అలాగే వదిలేసింది. తర్వాత వచ్చినప్పుడు పాత కన్ను లోపలికి వెళ్లనే లేదు. రెప్పల వెనక ఉండే మెత్తని పొర ముడుచుకుపోయింది, కింది రెప్ప వెనక సందు దాదాపు మూసుకుపోయింది. నోటి లోపలి పొర తీసి అతికి, ఆ సందును మళ్లీ లోతు చేయాల్సి వచ్చింది. ఎముక ఏళ్ల మీద వెనకబడుతుంది, ఈ పొర వారాల్లోనే ముడుచుకుంటుంది. ఏ కారణం వల్లనైనా కృత్రిమ కన్ను తీయాల్సి వస్తే, దాని స్థానంలో కన్ఫార్మర్ అనే పలుచని ప్లాస్టిక్ చిప్ప అయినా ఉండాలి. ఆ తల్లిని నేను తప్పుపట్టలేదు, ఆ బిడ్డ ఏడుపు విన్నది ఆమె. తీయడం వల్ల ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అదే నన్ను బాధపెట్టింది.

ఇంకో బాబు సంగతి కూడా చెప్పాలి. ఎనిమిది నెలలప్పుడు ఇన్‌ఫెక్షన్‌తో కన్ను తీసేశారు, ఇంప్లాంట్ పెట్టలేదు. నా దగ్గరకు వచ్చేసరికి ఆరేళ్లు. మీ పాప కంటే చాలా కష్టమైన పరిస్థితి అది. అయినా స్కాన్‌లో ఎముక తేడా తల్లిదండ్రులు ఊహించినంత లేదు. రెప్పలే అసలు ఇబ్బంది పెట్టాయి: రెండో వైపు కంటే ఆ వైపు రెప్పల నిడివి 3 మి.మీ. తక్కువ. కొవ్వు గ్రాఫ్ట్ పెట్టి, కన్ఫార్మర్లను క్రమంగా పెద్దవి చేస్తూ వెళితే గుంట నిండింది. రెప్పల నిడివి మాత్రం పూర్తిగా రాలేదు. ఎముక గురించి ఇంతగా ఆందోళన పడే చోట, రెప్పల గురించి, లోపలి పొర గురించి ఎవరూ అడగకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఎముక నిజంగా దెబ్బతినేది ఎప్పుడు?

రేడియేషన్ పడినప్పుడు. బయటి నుంచి కిరణాలతో చికిత్స, అదీ ఏడాది లోపు పిల్లలకు ఇస్తే, ఎముక ఎదిగే కణాలు, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు రెండూ దెబ్బతింటాయి. కణతలు లోపలికి పోతాయి, గూడు ఇరుకవుతుంది, చెంప ఎముక చదునుగా మిగులుతుంది. పది నెలల వయసులో రేడియేషన్ పొందిన ఒక అమ్మాయి 19 ఏళ్లప్పుడు వచ్చింది. కణత, చెంప ఎత్తు పెంచే ఆపరేషన్లు చేశాం. కొంత మెరుగుపడింది, అనుకున్నంత రాలేదు. రేడియేషన్ పడిన చోట గాయం నెమ్మదిగా మానుతుంది, అతికిన ఎముక కొంత కరిగిపోతుంది. వంశపారంపర్య రకం రెటినోబ్లాస్టోమాలో ఈ చికిత్స వల్ల తర్వాత వేరే క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. అందుకే ఇప్పుడు దాన్ని తప్పనిసరి అయితే తప్ప వాడరు. మీ పాపకు అది ఇవ్వలేదు, ఎముక విషయంలో మీకున్న అతి పెద్ద ధైర్యం ఇదే.

పుట్టుకతోనే కన్ను లేని పిల్లల సంగతి కూడా వేరు. వాళ్ల గూటికి మొదటి నుంచీ ఒత్తిడి అందలేదు కాబట్టి గూడు, రెప్పలు, లోపలి పొర అన్నీ చిన్నవిగా ఉంటాయి. వాళ్లకు పుట్టిన కొద్ది వారాల్లోనే కన్ఫార్మర్లు మొదలుపెట్టి పెద్దవి చేస్తూ పోతారు, నీరు పీల్చుకుని ఉబ్బే హైడ్రోజెల్ గోళాలు కూడా వాడతారు. అలాంటి చికిత్సల గురించి ఎక్కడైనా చదివి అవి మీ పాపకు ఆలస్యమైపోయాయని బాధపడకండి. అవి మీ పాపకు చెప్పినవి కావు.

ఎముక ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు కొద్దిమంది ఉంటారు. వాళ్లకు కూడా ముఖం ఎదుగుదల పూర్తయ్యాకే చేస్తాం, అమ్మాయిలకు సుమారు 16 ఏళ్లు, అబ్బాయిలకు సుమారు 18. గూటి అంచు మీద ఎముక గానీ పాలిథిలిన్ పలక గానీ అమర్చి ఎత్తు పెంచడం, గూటి నేల మీద పలక పెట్టి లోపలి నిండుదనం పెంచడం మామూలుగా చేసేవి. గూటి అంచును కోసి బయటికి జరిపి అమర్చే పెద్ద ఆపరేషన్లు 1960ల్లో పాల్ టెస్సియర్ వేసిన బాటలో వచ్చినవి, అవి బాగా వైకల్యం ఉన్నవారికే. పైకప్పుకి అవతల మెదడు ఉంది, నేలలో చెంపకు స్పర్శనిచ్చే నరం ఉంది. నాలుగున్నరేళ్ల వయసులో అతుకుల దగ్గర కోస్తే, ఎదగాల్సిన చోటే మచ్చ కట్టి ఎదుగుదలకు అడ్డు రావచ్చు. రక్షించాలనుకున్న దాన్నే మనం చెడగొట్టినవాళ్లం అవుతాం.

కొన్ని జాగ్రత్తలు, ఇవి నిజంగా ముఖ్యం. ఎముక చూడాలని ఎవరైనా సీటీ స్కాన్ రాస్తే, పాపకు జన్యు పరీక్ష ఫలితం ఏమిటో ముందు వారికి చెప్పండి. వంశపారంపర్య రకం అయితే అనవసరమైన ఎక్స్‌రే కిరణాలు తగలకూడదు, ఇంప్లాంట్ స్థానం చూడటానికి ఎంఆర్ఐ చాలు. గూడు లోతు అవడం అంత తొందరపడాల్సిన విషయం కాదు, కానీ గూడు ఉన్నట్టుండి నిండుగా ఉబ్బినట్టయినా, కృత్రిమ కన్ను ముందుకు తోసుకొచ్చినా, గడ్డ తగిలినా, రక్తం కనిపించినా అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అది క్యాన్సర్ తిరిగి రావడం కావచ్చు, ఇంప్లాంట్ బయటపడటం కావచ్చు. రెండో కంటి పరీక్షలు ఒక్కటి కూడా తప్పించకండి.

పాపకు పాలికార్బనేట్ అద్దాలు ఇప్పటి నుంచే అలవాటు చేయండి. చూపున్న ఒక్క కంటికి అవి రక్షణ. వాటితో ఇంకో ఉపయోగం కూడా ఉంది. కృత్రిమ కన్ను వైపు కొద్దిగా ప్లస్ పవర్ ఉన్న అద్దం పెట్టిస్తే ఆ కన్ను కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. ఫ్రేము పై అంచు సరిగ్గా రెప్ప మీది గుంట దగ్గరకు వచ్చేలా చూసుకుంటే లోతు చాలావరకు కనిపించదు. స్కూల్లో చేరే వయసు కాబట్టి ఆపరేషన్ గురించి నిర్ణయించుకునే లోపు ఇది ఎంతో ఊరట.

ఆరు నెలలకోసారి ఒకే వెలుతురులో ఎదురుగా ఒకటి, గడ్డం పైకెత్తి కింది నుంచి ఒకటి ఫొటోలు తీసి ఉంచండి. కింది నుంచి తీసిన ఫొటోలో రెండు చెంప ఎముకలూ సమానంగా ఉండి, కన్ను మాత్రమే వెనక్కి ఉంటే, సమస్య ఎక్కువగా లోపలి నిండుదనానిదే.

డిశ్చార్జి కాగితంలో ఇంప్లాంట్ వ్యాసం, అది ఏ పదార్థమో రాసి ఉంటుంది. అది, కృత్రిమ కన్ను చివరిసారి మార్చిన నెల, రెండూ చూసి ఇక్కడ రాయండి. 16 అని ఉంటే నేను చెప్పే సలహా ఒకటి, 20 అని ఉంటే ఇంకొకటి.